నాన్న దినచర్య పాఠం

నా సర్వీసు మొత్తంలో నా ఇంగ్లీషు క్లాసులో కాకులు పొద్దున్నే నిద్ర లేచాయి, ఎద్దులు లేచాయి, ఏమీ తోచనినాడు ఎదురింటి పిల్లి కూడా లేచింది. ఏ పిల్ల తండ్రీ మాత్రం లేవలేదు. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన పెద్దమనుషులు ఆశ్చర్యపోయేవారు. "దినచర్య పాఠం కదా మేడం, ఇంట్లోవాళ్ల గురించి చెప్పించవచ్చుగా, ఈ కాకుల గోలేమిటి?" అనేవారు. నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు రిటైరయ్యాను, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. మీరు కొత్తగా చాక్‌పీసు పట్టుకున్నారు కాబట్టి, ఆ కాకి నా క్లాసులోకి ఎలా వచ్చిందో మీకు చెబుతాను.

మాది కోనసీమ. కాలవ గట్టు, కొబ్బరి చెట్లు తప్ప ఇంకో లోకం తెలియనిదాన్ని. పోస్టింగు ఆర్డరులో కడప జిల్లా అని చూసి మా అమ్మ శోకాలు పెట్టింది. "అయ్యబాబోయ్, అక్కడ బాంబులేసుకుంటారటే!" అని వీధి వీధంతా వినేలా ఏడ్చింది. నాన్న మాత్రం, గవర్నమెంటు ఉద్యోగం, మాట్లాడకుండా వెళ్లమన్నారు. వెళ్లాను. రైలు దిగి బస్సెక్కితే కిటికీలోంచి ఎటు చూసినా బండలు. పొలాల మధ్య కంచెలకు బండలు, ఇళ్ల పైకప్పులకు బండలు, అరుగులకు బండలు. వేరే దేశానికి వచ్చినట్టే అనిపించింది. భాష తెలుగే అంటారు కానీ, మొదటి వారం బస్సు కండక్టరు ఏమంటున్నాడో ప్రతిసారీ రెండుసార్లు చెప్పించుకున్నాను. మూడోసారికి ఆయన విసుక్కుని, "ఏందమ్మా, నీది ఏం దేశం?" అన్నాడు.

ముందు ప్రొద్దుటూరులో కొత్త ఇంగ్లీషు టీచర్లకు ట్రైనింగు. మాకు నేర్పిన ఆయన హైదరాబాదులో ఏదో పెద్ద కోర్సు చేసి వచ్చారు. ఇస్త్రీ నలగని చొక్కా, గొంతులో ఖంగుమనే ఇంగ్లీషు. "పుస్తకం పక్కన పడేయండి. పిల్లల ఇంట్లోంచి పాఠం మొదలుపెట్టండి. నాన్న ఏం చేస్తాడు, ఎప్పుడు వెళతాడు, ఎక్కడికి వెళతాడు, ఎలా వెళతాడు, ఎవరితో వెళతాడు, అడగండి! తెలిసిన విషయమైతే భాష తనంతట తానే వస్తుంది" అనేవారు. ఆయన చెప్పిన ప్రతి ముక్కా నాకు వేదంలా వినిపించింది. బట్టీ పట్టించే మా పాత మాస్టార్లందరినీ మనసులోనే వెక్కిరించుకుని, ఆ కొత్త పద్ధతిని నెత్తిన పెట్టుకుని బయలుదేరాను.

నాకు ఇచ్చిన హైస్కూలు జమ్మలమడుగు నుంచి పులివెందుల వైపు పోయే దారిలో ఒక ఊరిది. ఊరి పేరు చెప్పను, వెతక్కండి. హెడ్మాస్టరు జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన క్రైస్తవుడు, తాత కాలం నుంచీ టీచర్ల కుటుంబం. నేను ఊళ్లో ఉండకూడదని ఆయనే పట్టుబట్టి, జమ్మలమడుగులో వాళ్ల చిన్నమ్మ ఇంట్లో గది ఇప్పించారు. రోజూ బస్సులో వచ్చి పోవడం.

చేరిన మొదటి రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అసలు ట్రైనింగు మొదలుపెట్టారు.

"ఈడ రెండు హోటళ్లు ఉండాయి, చూసినావా? ఈ పొద్దు ఈ హోటల్లో టీ తాగితే రేపు ఆ హోటల్లో తాగాల. బాగలేదని ఒగ హోటలు మానేస్తివా, నువ్వు పార్టీలో చేరినట్టే."

"నేను టీ తాగనండి. కాఫీ అలవాటు."

"అట్లయితే రెండు పక్కలా కాఫీ తాగు తల్లీ."

నవ్వాను. ఆయన నవ్వలేదు. ఊళ్లో రెండు పెద్దిళ్ల మధ్య ఎప్పటిదో పగ. ఎన్నికలు వచ్చేసరికి ఈ ఇల్లు ఒక పార్టీ, ఆ ఇల్లు ఇంకో పార్టీ. ఎవరు గెలిస్తే వాళ్ల మనుషులు ఊళ్లో ఉంటారు, ఓడినవాళ్ల మగాళ్లు కొన్నాళ్లు ఊరు విడిచిపోతారు. బోరింగులు రెండు, చివరికి తల గొరిగేవాళ్లు కూడా ఇద్దరు. ఎవరి బండీ ఎక్కకూడదు, ఎవరింటి పెళ్లి భోజనానికీ కూర్చోకూడదు, ఏ పిల్ల జడలోకి పువ్వులిచ్చినా పెట్టుకోకూడదు. ఇవన్నీ ఆయన ఓపిగ్గా చెప్పారు. అసలు చెప్పాల్సిన ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. మరిచిపోయి కాదు. గాలి పీల్చుకోమని ఎవరికైనా చెబుతామా? అక్కడివాళ్లకు అది అంత తెలిసిన సంగతి.

ఒక వింత మాత్రం నేనే గమనించాను. బస్టాపులో ఎవరైనా కనబడితే "యాడ నుంచి వస్తాండావప్పా?" అని పలకరించుకునేవారు. ఎక్కడికి పోతున్నావని ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. బయలుదేరేవాణ్ణి ఎక్కడికని అడిగితే అశుభమని మా వైపూ అంటారు కదా, అదే అనుకున్నాను. అంతకుమించి ఆలోచించే తెలివి లేకపోయింది.

తొమ్మిదో తరగతి పిల్లలు కూడా రెండు వరసలుగా కూర్చునేవారు. కిటికీ వరస ఒక పార్టీ, వాకిలి వరస ఇంకో పార్టీ. మధ్యలో మనిషి నడిచేంత ఖాళీ. మంచినీళ్ల కుండలూ రెండే. నేను ఎంత ప్రయత్నించినా వాళ్లు నోరు విప్పేవారు కాదు. ఒక్క పిల్ల తప్ప. కిటికీ వరసలో ముందు బెంచీ పాప. ఎర్ర రిబ్బన్లు, చేపలాంటి చురుకైన కళ్లు. నేను ఒక ఇంగ్లీషు ముక్క అంటే తను రెండు అనేది. ఇంగ్లీషు అంటే ఆ పిల్లకు పండగే. అలాంటి పిల్ల ఒక్కతి దొరికితే కొత్త టీచరుకు ఎంత పొంగో మీకు నేను చెప్పాలా?

ఆ శుక్రవారం దినచర్య పాఠం. ప్రొద్దుటూరులో నేర్పిన ప్రకారం బోర్డు మీద పెద్ద అక్షరాలతో నాలుగు ప్రశ్నలు రాశాను. ఎప్పుడు, ఎక్కడికి, ఎలా, ఎవరితో. పైన "మై ఫాదర్" అని హెడ్డింగు. ఎవరు చెబుతారని అడిగాను. ఎవరూ కదల్లేదు. కిటికీ పాపను లేపాను. కాసేపు తటపటాయించింది. నేను "కమాన్, కమాన్" అని ఉత్సాహపరిచాను.

"మై ఫాదర్ గోస్ టు జమ్మలమడుగు ఎవ్రీ మండే" అంది.

"వెరీ గుడ్! హౌ డజ్ హి గో? బై బస్?"

"నో మేడం. హి డజ్ నాట్ గో బై బస్." తప్పు లేకుండా వస్తున్నందుకు దాని ముఖం వెలిగిపోతోంది. "హి వాక్స్ టు ద స్టోన్ క్వారీ. హి గోస్ బై స్టోన్ లారీ. హి సిట్స్ బిహైండ్ ద స్టోన్స్."

"ఎక్సలెంట్! విత్ హూమ్?"

"అలోన్, మేడం."

అంతే. ఆ మాట అన్నాక పాపకు తను చెప్పినదేమిటో తెలిసినట్టుంది. రెండు చేతులతో నోరు మూసుకుంది. కిటికీ వరస పిల్లలు దాని వైపు చూడలేదు. వాకిలి వరస పిల్లలు అందరూ ఒక్కసారిగా తలలు వంచి పుస్తకాల్లోకి చూశారు. నేనేమో అసూయ అనుకున్నాను, నా తెలివి తెల్లవారినట్టే ఉంది.

"ఏం, చప్పట్లు కొట్టడానికి కూడా పార్టీలేనా?" అని కసిరి, నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

వరండాలో వెళుతున్న హెడ్మాస్టరు ఆ చప్పుడుకు లోపలికి తొంగిచూశారు. బోర్డు చూశారు. నిలబడి ఉన్న పాపను చూశారు. పెద్దమనిషి, ఎప్పుడూ మెల్లగా నడిచేవారు, పరుగున వచ్చి భుజం మీది కండువాతో బోర్డు తుడిచేశారు. డస్టరు పక్కనే ఉంది. అది తీసుకునే ఓపిక కూడా లేకపోయింది ఆయనకు.

"నువ్వు నాతో రామ్మా" అన్నారు.

ఆయన గదిలోకి వెళ్లాక తలుపు దగ్గరగా వేసి కూలబడ్డారు. "ఏం జేసినావమ్మా నువ్వు? ఎప్పుడు, యాడికి, ఎట్ల, ఎవురితో. ఆ నాలుగు ముక్కలు తెల్సుకునేదానికే ఈ ఊర్లో మనుషులు నెలలు నెలలు కాచుకోనుంటారు. నువ్వు బోర్డు మీద రాసి అడిగితివి!"

ఆయన చెప్పుకుపోతున్నారు. ఆ పాప తండ్రి ఒక హత్య కేసులో ముద్దాయి. చేశాడో లేదో దేవుడికి తెలియాలన్నారు. బెయిలు ఇచ్చి, ప్రతి సోమవారం జమ్మలమడుగు స్టేషన్లో సంతకం పెట్టాలని షరతు పెట్టారు. సోమవారం పోతాడని అందరికీ తెలుసు. ఏ దారిన, ఎందులో పోతాడన్నది మాత్రం ఇంట్లో ముగ్గురికీ, ఆ లారీ డ్రైవరుకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ మనిషి ప్రాణం ఆ ఒక్క రహస్యం మీద ఉంది.

"వాకిలి వరసలో రెండో బెంచీ పాప ఉంది చూడు, ఎప్పుడూ నోరు తెరవదు. ఆ కేసులో చనిపోయింది ఆ పాప చిన్నాయనే" అన్నారు.

చప్పట్లు కొట్టిన అరచేతులు ఇంకా మండుతూనే ఉన్నాయి. ఆ పిల్ల దగ్గర్నుంచి వాళ్ల నాన్న చావుదారిని ముక్క ముక్కగా రాబట్టి, ప్రతి ముక్కకూ వెరీ గుడ్ అన్నాను. ఆ నిమిషంలో ప్రొద్దుటూరు ఆయన కనబడి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఆ తండ్రికి చెప్పి తీరాలన్నాను. హెడ్మాస్టరు కాసేపు ఆలోచించి సరేనన్నారు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, ఇద్దరం నడిచి వెళ్లాం. చాటుగా వెళితేనే తప్పు అంటారని ఆయన లెక్క. పాప తండ్రి వసారాలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి, హంతకుడంటే నేను ఊహించుకున్న మీసాలేవీ లేవు. హెడ్మాస్టరే జరిగింది చెప్పారు. పాప తల్లి తలుపు వెనక నుంచి వింటూ, నోట్లో కొంగు కుక్కుకుంది.

తండ్రి నా వైపు తిరిగి, "ఎవురెవురు యిన్యారు?" అన్నాడు.

"ఆయమ్మ కొత్తది. ఎవురు ఎవురి బిడ్డో ఆమెకు తెల్దు" అని హెడ్మాస్టరు టక్కున అందుకున్నారు.

"అట్లనా. మంచిది, అట్లే ఉండనీ" అన్నాడు. ఆ తరవాత అడిగిన ప్రశ్న నేను చచ్చేదాకా మరవను. "నా బిడ్డ ఆ ఇంగిలీసు తప్పుల్లేకుండా చెప్పిందా?"

"ఒక్క తప్పు కూడా లేదండి" అన్నాను. కళ్లనీళ్లు ఆగలేదు.

ఆయన ముఖంలో నవ్వు లాంటిది వచ్చి, మళ్లీ పోయింది. "బస్సు ఎక్కితే ఊరంతా చూస్తాది. పోకుంటే బెయిలు పాయె. ఆ లారీ డ్రైవరు తప్ప నన్ను ఎక్కించుకునేవాడు ల్యా. సోమవారానికి ఇంగా పొద్దుంది గదా, చూస్తాం లే, నువ్వు పో టీచరమ్మా."

ఆ రాత్రి అన్నం సహించలేదు. రాజీనామా రాసి పారేసి ఊరెళ్లిపోదామనుకున్నాను. కానీ మర్నాడు శనివారం, బడి ఉంది. కాళ్లీడ్చుకుంటూ క్లాసుకు వెళ్లాను. కిటికీ పాప వచ్చింది. తల ఎత్తలేదు. ఎర్ర రిబ్బన్లు లేవు. పద్యమేదో తీసి చదవడం మొదలుపెట్టాను, ఏం చదువుతున్నానో నాకే తెలియదు.

మధ్యలో వాకిలి వరస రెండో బెంచీలో ఆ పాప లేచి నిలబడింది. చిన్నాయన పోయిన పాప. అన్ని రోజుల్లో దాని గొంతు నేను వినలేదు.

"మేడం, నేను చెప్తా" అంది.

"ఏం చెబుతావమ్మా?"

"మై ఫాదర్."

"వద్దు! కూర్చో! ఆ పాఠం అయిపోయింది" అని అరిచాను. ఆ పిల్ల కూర్చోలేదు. నా వైపు చూడనూ లేదు. కిటికీ వరస ముందు బెంచీ వైపు తిరిగింది.

"మై ఫాదర్... గో టు పులివెందుల. ఎవ్రీ ట్యూస్డే. బై మోటర్ సైకిల్." ఒక్కొక్క మాటా నిన్నటి నుంచి మనసులో కూర్చుకున్నట్టు బయటికి తెచ్చింది. "హి గో... తొండూరు రోడ్. బ్యాక్ సైడ్, చిన్న దావ. అలోన్."

చెప్పి కూర్చుంది. కిటికీ పాప తల ఎత్తి దాన్నే చూస్తోంది. ఇంకో తండ్రి ప్రాణం నా క్లాసులో బల్ల మీద పెట్టేశారు.

"ఎందుకే? నిన్న జరిగింది చాలదా? ఎందుకు చెప్పావే?" అన్నాను, ఏడుపూ కోపమూ కలిసిపోయి.

మళ్లీ లేచి, చేతులు కట్టుకుని నిదానంగా చెప్పింది. "నిన్న ఆ పాప చెప్పింది, మేము యిన్యాం. ఈ పొద్దు నేను చెప్పినా, వాళ్లు యిన్యారు. ఇంగ సమానం మేడం. ఎవురూ యాడా చెప్పరు."

దాన్ని మెచ్చుకోవాలో, చెంప ఛెళ్లుమనిపించాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. పద్నాలుగేళ్లు నిండని పిల్ల, తన తండ్రిని తాకట్టు పెట్టి, తమ ఇంటి మనిషిని చంపాడంటున్నవాడిని కాపాడింది. అదీ ఒక రాత్రి ఆలోచించుకుని. నాకు అది ధైర్యంలా కనబడలేదు, భయమేసింది. ఇంత లెక్క ఈ పిల్లలకు ఎవరు నేర్పారు అని. బెల్లు కొట్టారు, వెళ్లిపోయారు. ఆ ఇద్దరూ తరవాత స్నేహితులయ్యారా అని అడగకండి. కాలేదు. పదో తరగతి అయ్యేదాకా అదే వరసల్లో కూర్చున్నారు.

సోమవారం పర్మిషన్ పెట్టి జమ్మలమడుగులోనే ఆగిపోయాను. స్టేషనుకు ఎదురుగా చెప్పుల దుకాణం ముందు నిలబడి, కొనని చెప్పులన్నీ వేసి చూశాను. ఏ లారీ హారన్ వినిపించినా ఉలిక్కిపడుతున్నాను. ఎండ బాగా ఎక్కాక ప్రొద్దుటూరు పోయే బండల లారీ ఒకటి కూడలిలో ఆగింది. బండల వెనక నుంచి ఒళ్లంతా బూడిద రంగు దుమ్ముతో ఆయన దిగాడు. నేను అక్కడే దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాను.

స్టేషన్లోకి వెళ్లి, సంతకం పెట్టి, బయటికి వచ్చి నన్ను చూశాడు. దగ్గరికి వచ్చాడు.

"యాడ నుంచి వస్తాండావు టీచరమ్మా?"

"మీకోసమేనండి. మళ్లీ లారీలోనే వచ్చారా? ఎంత ధైర్యమండీ!"

"నా బిడ్డే చెప్పింది. లారీకే పో నాయనా, ఏమీ కాదు అనె. నీకెట్ల తెల్సే అంటే, ఆ వాకిలి పక్క పాప కూడా వాళ్ల నాయన సంగతి చెప్పింది, సమానమైపాయె అనె." చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "వాళ్ల నాయన యాడికి పోతాడంట, ఎట్ల పోతాడంట అని అడిగినా."

ఈయన బతకాలని రెండు రోజులు దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఈయన అడిగాడు.

"చెప్పలా" అన్నాడాయన. "మల్లా అడిగినా. చెప్పలా. చెంప మీద ఒగటి ఇచ్చినా. ఏడ్సింది గానీ చెప్పలా. అది ఇంగిలీసులో చెప్పింది నాయనా, తెలుగులోకి రాదు అనె."

కోపంగా చెప్పాడో, గర్వంగా చెప్పాడో, సిగ్గుపడి చెప్పాడో ఆ దుమ్ము కొట్టుకున్న ముఖంలో నాకు అర్థం కాలేదు. కండువా దులుపుకుని, ఏ వైపు పోతాడో నేను చూడకుండా సందులోకి తిరిగిపోయాడు.

మధ్యాహ్నం బడికి వెళ్లాను. కిటికీ పాప ముందు బెంచీలోనే ఉంది. ఎడమ చెంప మీద వేళ్లు తేలి ఉన్నాయి. ఎలా తగిలిందమ్మా అని అడగబోయి, నాలిక కరుచుకుని ఆగిపోయాను. బోర్డు వైపు తిరిగి "ద క్రో గెట్స్ అప్ ఎర్లీ" అని రాశాను. ఇంకేం రాయాలో తోచక చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

వెనక నుంచి వాకిలి వరస రెండో బెంచీ పాప గొంతు వినిపించింది. "మేడం, కాకి యాడికి పోతాదో కూడా చెప్పల్నా?"

ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత రెండు వరసలూ ఒక్కసారే పగలబడి నవ్వాయి. ఆ బడిలో నేను అలాంటి నవ్వు వినడం అదే మొదలు. వెనక్కి తిరిగి చూస్తే కిటికీ పాప కూడా నవ్వుతోంది. నొప్పి పుట్టిందేమో, నవ్వుతూనే చెంపను చేత్తో పట్టుకుంది.